పిల్లలతో అడవి పార్కుకి: ఏ రకం విహారం మీ ఇంటికి కుదురుతుంది?

అడవి పార్కుకి వెళ్దామనుకోగానే ఏ పార్కు, ఎంత దూరం, ఎవరి రివ్యూలు బాగున్నాయి అని వెతకడం మొదలుపెడతాం. నన్నడిగితే అది రెండో ప్రశ్న. అక్కడికెళ్లి రోజంతా ఏం చేయబోతున్నాం అన్నది ముందు తేలాలి. ఒకే పార్కులో అయిదేళ్ల పిల్ల సాయంత్రం దాకా ఇంటి మాటెత్తకుండా ఆడుకునే చోటు ఉంటుంది, అదే పిల్ల సగం దారిలో చతికిలబడి ఇక కదలనని మొండికేసే బాటా ఉంటుంది.

అందుకే ఇక్కడ పార్కుల్ని కాకుండా, అడవిలో గడపగల రోజుల్ని పోలుస్తున్నాను. గేటు దగ్గరి పచ్చిక, చుట్టు తిరిగి వచ్చే కాలిబాట, వెళ్లిన దారినే వెనక్కి వచ్చే బాట, గైడ్‌తో నడక, తాళ్ల వంతెనలు, వాగు ఒడ్డు, వాహనంలో సఫారీ. వీటిలో ఏది మంచిదన్నది మీ పిల్లల వయసు మీద, మీతో వచ్చే పెద్దవాళ్ల మీద ఆధారపడుతుంది.

## ఎంచుకునే ముందు దేన్ని చూడాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, మధ్యలో ఆపేసి వచ్చేయగలమా అన్నది. పెద్దవాళ్లు మెల్లమెల్లగా అలసిపోతారు, ఆ సంగతి వాళ్లకే ముందుగా తెలుస్తుంది. చిన్నపిల్లలు అలా కాదు. పరిగెత్తుతూనే ఉంటారు, ఉన్నట్టుండి ఆగిపోతారు. ఆ క్షణంలో మీరు గేటుకి ఎంత దూరంలో ఉన్నారన్నదే రోజు ఎలా ముగుస్తుందో తేలుస్తుంది. మొత్తం ఎన్ని కిలోమీటర్లు నడిచారన్నది కాదు.

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో లెక్క వేసుకోండి. కొండదారుల్లో నడక సమయానికి నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. అది గట్టి కాళ్లున్న పెద్దవాళ్లకు వేసిన లెక్క. పిల్లలుంటే దాన్ని రెట్టింపు చేసుకోవడం నా పద్ధతి. నాలుగేళ్లలోపు పిల్లలు స్వయంగా నడుస్తుంటే అసలు లెక్కే వేయొద్దు. వాళ్లకు దారిలో కనిపించే ప్రతి పుల్లా ఒక మజిలీ.

తర్వాతది నేల. సన్న చక్రాల స్ట్రాలర్ (బిడ్డను కూర్చోబెట్టి తోసే బండి) సిమెంటు బాట మీద హాయిగా పోతుంది కానీ, వేళ్లు పైకి తేలిన మట్టిదారిలో దాన్ని మీరే మోయాల్సి వస్తుంది. పార్కు మ్యాప్‌లో "సులువైన బాట" అని రాసి ఉంటే అది నడిచేవాళ్లకు సులువని అర్థం, చక్రాలకు కూడా సులువని కాదు. బాట దేనితో వేశారో విడిగా కనుక్కోవాలి. నడవలేని బిడ్డను వీపున కట్టుకునే క్యారియర్ ఉంటే మట్టిదారిలోనూ ఇబ్బంది ఉండదు. కాకపోతే చల్లటి రోజున మోసేవాళ్లకు చెమట పడుతుంటే, కదలకుండా కూర్చున్న బిడ్డకు చలి వేస్తుంటుంది. మీ ఒంటి వేడిని బట్టి బిడ్డకు బట్టలు వేయకండి.

మరుగుదొడ్డి ఎక్కడుందో చూడటం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చాలా పార్కుల్లో అది గేటు దగ్గరే ఉంటుంది, లోపల ఉండదు.

చివరిగా, చూసుకునే పెద్దవాళ్లు ఎంతమంది? ఇద్దరు పిల్లలు చెరో వైపు పరిగెడితే ఒక్కరు ఏం చేయగలరు? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే వాగు ఒడ్డునీ, తాళ్ల వంతెనల్నీ జాబితాలోంచి అప్పుడే తీసేయొచ్చు.

## ఒక్క చూపులో

| విహారం | ఏ వయసుకు | మధ్యలో ఆపేయడం | పెద్దవాళ్లకు పని | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| గేటు దగ్గరి పచ్చిక, ఆటస్థలం | పసిబిడ్డల నుంచి 6 దాకా | ఎప్పుడైనా | తక్కువ | పెద్ద పిల్లలకు త్వరగా విసుగు |
| చుట్టు బాట | 4 నుంచి 10 | సగం లోపైతేనే | మధ్యస్థం | సగం దాటాక వెనక్కి రావడం దండగ |
| పోయి వచ్చే బాట | 7 పైన | ఎక్కడైనా | మధ్యస్థం | తిరుగు దారిలో కొత్తదనం ఉండదు |
| గైడ్‌తో నడక | 6 నుంచి 12 | కష్టం | తక్కువ | గుంపు వేగానికి తగ్గాలి |
| తాళ్ల వంతెనలు, జిప్‌లైన్ (తీగకు వేలాడుతూ జారడం) | 8 పైన, ఎత్తును బట్టి | ఎక్కాక కష్టం | ఒక్కోచోట ఒక్కోలా | తోబుట్టువుల్లో ఒకరు కింద మిగిలిపోతారు |
| వాగు, చెరువు ఒడ్డు | అందరికీ | ఎప్పుడైనా | చాలా ఎక్కువ | పెద్దవాళ్లకు క్షణం తీరిక ఉండదు |
| వాహనంలో సఫారీ | 5 పైన | కుదరదు | తక్కువ | దిగడానికి ఉండదు |

వయసులు ఒక అంచనాకి మాత్రమే. మీ పిల్లలు మీకే బాగా తెలుసు.

## గేటు దగ్గరి పచ్చిక

దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు. "ఇంత దూరం వచ్చి గేటు దగ్గరే కూర్చోవడమా?" అంటారు. మూడేళ్ల పిల్లకి అడవి ఎంత లోపల ఉందన్నది పట్టదు. పెద్ద చెట్టు మొదలు, రాలిన ఆకులు, చీమల బారు, ఒక దుంగ ఉంటే చాలు. డెన్మార్క్‌లో ఎల్లా ఫ్లటౌ అనే ఆమె 1950ల మొదట్లో పిల్లల్ని రోజూ అడవికి తీసుకెళ్లడంతో మొదలైన అటవీ బాలబడులు తర్వాత ఎన్నో దేశాలకు పాకాయి. వాటిలో పిల్లలు రోజుకో కొత్తచోటు చూడాలన్న పట్టింపేమీ లేదు. వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లి అక్కడే కొత్తవి కనిపెడుతుంటారు.

కుళ్లుతున్న దుంగ ఒక్కటి దొరికితే అరగంట తెలియకుండా గడిచిపోతుంది. నాచు, పుట్టగొడుగులు, రోకలిబండలు, పెంకు పురుగుల లార్వాలు, అన్నీ అక్కడే ఉంటాయి. దాన్ని పెద్దవాళ్లే దొర్లించాలి. అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లేపితే, కింద ఏదైనా ఉంటే అటువైపు పోతుంది, మీ కాళ్ల మీదికి రాదు. చూశాక మళ్లీ ఉన్నట్టే పెట్టేయండి, అది ఎన్నో ప్రాణుల ఇల్లు. పాములు తిరిగే ప్రాంతమైతే మాత్రం దుంగలు లేపే పని పెట్టుకోవద్దు, పైపైన చూడటమే మంచిది.

ఇక్కడ నష్టపోయేది పదేళ్లు దాటినవాళ్లు. వాళ్లకు ఏదో ఒక పని అప్పగించకపోతే ఫోన్ అడుగుతారు.

## చుట్టు బాటా, పోయి వచ్చే బాటా?

నడక ఖాయం అనుకున్నాక ఎక్కువమంది దూరం చూస్తారు కానీ బాట ఆకారం చూడరు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

చుట్టు బాటలో ప్రతి మలుపూ కొత్తది. "ఆ మలుపు దాటితే ఏముందో చూద్దాం" అని పిల్లల్ని ముందుకు నడిపించవచ్చు. మొదలుపెట్టిన చోటికే చేరుకుంటారు కాబట్టి దారి తప్పే టెన్షన్ కూడా తక్కువ. చిక్కల్లా సగం దాటాక వస్తుంది. అక్కడ ఒకరికి కాలు నొప్పి పుట్టినా, వాన మొదలైనా వెనక్కి తిరగడంలో లాభం లేదు, మిగతాది నడిచి తీరాలి. అందుకని చుట్టు బాట మధ్యలో అడ్డదారులు ఉన్నాయో లేదో మ్యాప్‌లో చూసుకోండి. ఎనిమిది అంకె ఆకారంలో, రెండు చిన్న చుట్లు ఒకచోట కలిసే బాట ఉంటే అదే ఎంచుకోండి. మొదటి చుట్టు అయ్యాక పిల్లల మొహాలు చూసి రెండోది పెట్టుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు.

పోయి వచ్చే బాటకు గమ్యం ఉంటుంది. జలపాతమో, కొండ అంచో, పాత గట్టో. ఏడెనిమిదేళ్ల పిల్లలకు గమ్యమంటే మోజు. ఎక్కడ అలసిపోయినా వెనక్కి తిరిగే వీలుంది. అయితే ఆ వీలును వాడుకోనివ్వనిది కూడా గమ్యమే: "ఇంకో పది నిమిషాలే, ఇంత దూరం వచ్చాం కదా!" ఆ మాట అనేది పిల్లలు కాదు, ఎక్కువగా నాన్నలే. తిరుగు దారిలో చూడాల్సింది మిగలదు, ఓపిక కూడా మిగలదు. కాబట్టి ఇంట్లో ఉండగానే ఒక గడియారం లెక్క పెట్టుకోండి. ఫలానా టైముకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరుగుతాం అని పిల్లలకు కూడా చెప్పండి. ముందే అనుకున్న మాటైతే మధ్యలో తిరిగినా ఓడిపోయినట్టు ఉండదు.

దారి పల్లంలోకి వెళ్తుందా, ఎత్తుకి వెళ్తుందా అన్నది కూడా చూడాలి. వెళ్లేటప్పుడు దిగుడు ఉంటే సరదాగానే ఉంటుంది కానీ, అలసిపోయాక తిరిగి ఎక్కాలి. ఎక్కడం ముందు, దిగడం తర్వాత ఉన్న బాటే పిల్లలతో మేలు.

ఏడేళ్లలోపు పిల్లలుంటే చిన్న చుట్టు బాట. ఏడేళ్లు దాటినవాళ్లయితే, ముందు చెప్పిన గడియారం మాట మీద నిలబడగలమనుకుంటే, గమ్యం ఉన్న బాట.

## గైడ్‌తో నడక

మనం వంద మీటర్లు నడిచి "ఏమీ లేదు" అనుకునే చోట గైడ్ కొమ్మ మీద రంగు కలిసిపోయిన పురుగుని చూపిస్తారు. అడుగుజాడ చూసి ఏ జంతువో చెబుతారు. ప్రశ్నలతో చంపే వయసు పిల్లలకు ఇంతకంటే మంచి రోజు ఉండదు. తల్లిదండ్రులకు కూడా కాసేపు జవాబులు చెప్పే పని తప్పుతుంది.

వదులుకోవాల్సిందల్లా స్వేచ్ఛ. గుంపు కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. పక్షుల్ని చూసే నడకైతే నిశ్శబ్దంగా ఉండాలి. పైగా పక్షులు ఎక్కువగా తిరిగేది పొద్దున్నే కాబట్టి అందరూ తెల్లవారకముందే లేవాలి. అయిదేళ్లలోపు పిల్లల్ని అలాంటి నడకకు తీసుకెళ్తే మీకూ, మిగతావాళ్లకూ, పక్షులకూ ఇబ్బందే. బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: ఇది కుటుంబాల కోసం పెట్టిన నడకా, అందరికీ కలిపి పెట్టిందా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

## తాళ్ల వంతెనలు, జిప్‌లైన్

పదేళ్లు దాటినవాళ్లు అడవి బోరు అనకుండా వచ్చే విహారం ఇదొక్కటే కావచ్చు. ఇక్కడ చాలాచోట్ల వయసుతో పాటు, కొన్నిచోట్ల వయసుకంటే ముందు, ఎత్తు చూస్తారు. పైన ఉన్న తీగను పిల్ల చేతులు అందుకోగలగాలి కదా. తొమ్మిదేళ్ల అన్నని పైకి పంపి, రెండు సెంటీమీటర్లు తక్కువైన చెల్లిని కిందే ఆపేస్తే ఆ రోజంతా ఇంట్లో యుద్ధమే. బయల్దేరే ముందు తలుపు దగ్గర నిలబెట్టి కొలవండి, పార్కు వాళ్ల హద్దు ఎంతో అడగండి.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. నడుముకు కట్టే బెల్టుకుండే రెండు కొక్కేలను ప్రతి మజిలీ దగ్గరా పిల్లలే తీసి మార్చుకోవాలా, లేక ఒకసారి తగిలిస్తే చివరిదాకా ఊడిరాని పద్ధతా? రెండో రకంలో పొరపాటున రెండూ ఒకేసారి విప్పేసే అవకాశం ఉండదు. చిన్నవాళ్లకు అదే మంచిది. చెప్పులతో ఎక్కనివ్వరు, బూట్లు ఉండాలి. పైకెక్కాక మధ్యలో భయపడితే సిబ్బంది వచ్చి దించాల్సిందే కాబట్టి అన్నిటికన్నా కిందున్న వరసతో మొదలుపెట్టడం నయం.

## వాగు, చెరువు ఒడ్డు

పిల్లల వైపు నుంచి చూస్తే మార్కులన్నీ దీనికే. రాళ్లు విసరడం, ఆకు పడవలు వదలడం, తోకకప్పల్ని చూడటం: ఏ వయసువాళ్లకూ విసుగు రాదు. రెండేళ్ల పిల్లా, పన్నెండేళ్ల పిల్లాడూ ఒకేచోట సంతోషంగా ఉండేది ఇక్కడే.

మరి ఎందుకు మొదటి స్థానం ఇవ్వలేదంటే, దీని భారం మొత్తం పెద్దవాళ్ల మీద పడుతుంది. పసిపిల్లలు మునగడానికి కొన్ని సెంటీమీటర్ల నీళ్లు చాలు. మునిగేవాళ్లు కేకలు వేస్తారనుకుంటాం, నిజానికి చాలాసార్లు చప్పుడే ఉండదు. చిన్నవాళ్లు నీటి దగ్గర ఉన్నంతసేపూ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. నలుగురైదుగురు పెద్దవాళ్లు ఉన్న గుంపులోనే ఇది మరీ తప్పిపోతుంది. అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడరు. "ఇప్పుడు నా వంతు", "ఇక నీ వంతు" అని పైకి చెప్పి మార్చుకోండి. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా వాగు పెరగవచ్చు. నీళ్ల రంగు మట్టిగా మారుతున్నా, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి.

ఒక్క పెద్దమనిషి, ఇద్దరు చిన్నపిల్లలు అయితే ఇది వద్దు.

## వాహనంలో సఫారీ

నడవలేని పెద్దవాళ్లు, ఎండకు ఆగలేనివాళ్లు ఉంటే ఇదే దారి. కానీ జంతువులు కనిపిస్తాయని పిల్లలకు మాట ఇవ్వొద్దు. కనిపించకపోతే అది మీరిచ్చిన మాట తప్పినట్టే అవుతుంది. మధ్యలో దిగనివ్వరు కాబట్టి ఎక్కేముందు అందరూ మరుగుదొడ్డికి వెళ్లాలి, రాదన్నవాళ్లు కూడా.

## మీ ఇంటి లెక్క ఏది?

ఏడాది, రెండేళ్ల బిడ్డ ఒక్కరే ఉంటే పచ్చికే చాలు. పెద్దవాళ్లకు కాస్త నడవాలనిపిస్తే బిడ్డ నిద్రపోయే వేళకి క్యారియర్‌లో వేసుకుని చిన్న చుట్టు వేసి రండి.

మూడేళ్లూ, పదేళ్లూ కలిసి ఉంటే అన్నిటికన్నా చిక్కు ఇదే. మధ్యేమార్గం వెతకొద్దు. మధ్యస్థంగా ఉన్న బాట ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ అయి ఇద్దరినీ ఏడిపిస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లుంటే పొద్దున విడిపోయి, మధ్యాహ్నం పచ్చిక మీద కలుసుకోవడం హాయి. ఒక్కరే అయితే పచ్చిక దగ్గరే ఉండి, పెద్దవాడి చేతికి బైనాక్యులర్‌నో, ఆకుల రకాలు వెతికి గీయడానికి నోట్‌బుక్‌నో ఇవ్వండి.

తాతయ్య, అమ్మమ్మలతో వెళ్తుంటే బెంచీలు ఎంతెంత దూరంలో ఉన్నాయో చూడండి. తరచుగా కూర్చునే చోటున్న రెండు కిలోమీటర్లు, బెంచీ లేని ఒక్క కిలోమీటరు కంటే సులువు.

నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తుంటే నడక పెట్టుకోవద్దు. గుంపు వేగం అందరికన్నా చిన్న పిల్ల వేగమే. పచ్చిక మీద ఒక స్థావరం వేసుకుని, నడవాలనుకున్నవాళ్లు విడతలుగా వెళ్లి రావచ్చు.

టీనేజీ పిల్లలుంటే బాటను వాళ్లనే ఎంచుకోనివ్వండి, మ్యాప్ వాళ్ల చేతికే ఇవ్వండి. దట్టమైన చెట్ల కింద ఫోన్ సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. అందుకే మ్యాప్ కాగితం మీద ఉండటం మంచిది.

రోజంతా కేటాయించలేమని మానేసేవాళ్లకు ఒక మాట. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది మీద జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. వారంలో కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు, అసలు గడపనివాళ్లకన్నా తమ ఆరోగ్యం బాగుందని చెప్పారు. ఆ సమయం ఒకేసారి గడిపారా, ముక్కలుగా గడిపారా అన్నదాని వల్ల తేడా రాలేదు. అది పెద్దవాళ్ల మీద చేసిన పని, పిల్లలకు అలాగే అన్వయించలేం. కానీ రెండు గంటల కోసం వెళ్లడం దండగ కాదని అనుకోవడానికి సరిపోతుంది.

## ఏది ఎంచుకున్నా మారనివి

తప్పిపోతే ఏం చేయాలో బాట మొదట్లోనే చెప్పండి. అమెరికాలోని శాన్ డియాగోలో 1981లో ఒక తొమ్మిదేళ్ల బాబు అడవిలో తప్పిపోయి చనిపోయాక, పిల్లలకు ఒకే ఒక్క మాట నేర్పే కార్యక్రమం మొదలైంది: తప్పిపోయామని తెలిసిన వెంటనే దగ్గర్లోని చెట్టును పట్టుకుని అక్కడే ఉండిపో. పిల్లలు తిరుగుతూ పోతే వెతకాల్సిన ప్రాంతం పెరిగిపోతుంది. మెడలో ఈల ఉంటే ఇంకా మంచిది. మూడుసార్లు ఊది ఆగడం, మళ్లీ మూడుసార్లు ఊదడం నేర్పండి. ఆడుకోవడానికి ఊదకూడదని కూడా.

ఉరుము వినిపిస్తే నడక ఆపేయాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి 3 సెకన్లకు ఒక కిలోమీటరు దూరమని లెక్క. ఆ తేడా 30 సెకన్లకు తగ్గిందంటే కారులోకో, గట్టి భవనంలోకో చేరాల్సిందే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గేటు దగ్గరి పచ్చికకీ, నాలుగు కిలోమీటర్ల లోపలి జలపాతానికీ తేడా ఇలాంటి రోజున బాగా తెలుస్తుంది.

పొడవాటి గడ్డిలో, ఆకుల్లో తిరిగితే ఇంటికొచ్చాక పిడుదులు అంటుకున్నాయేమో చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక చూడాలి. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నేరుగా లాగేయండి.

చివరి అడుగు పార్కు ఆఫీసుకి ఒక ఫోన్. ఏ బాటలు మూసి ఉన్నాయి, లోపల తాగునీళ్లు ఉన్నాయా, గేటు ఎన్నింటికి మూస్తారు అని అడగండి. గేటు మూసే వేళ తెలిశాక, దానికంటే కనీసం గంట ముందు బయటికి వచ్చేలా నడకను కుదించుకోండి. చెట్ల కింద చీకటి బయటికన్నా ముందే పడుతుంది.